అమ్మ మందుల చిట్టీలో రెండో గోలీ ఎందుకు? | మెనోపాజ్, హార్మోన్ చికిత్స, ప్రొజెస్టెరాన్

రాయికోడ్ నుంచి ఇంకో ఎపిసోడ్‌తో మీ ముందుకొచ్చాను. ఈరోజు టాపిక్ మీ గురించి కాదు. మీ ఇంట్లో ఉన్న అమ్మ గురించి, పెద్దమ్మ గురించి, మేనత్త గురించి.

వాళ్లకి 45 దాటి ఉంటాయి. రాత్రి ఫ్యాన్ కింద పడుకున్నా చెమటలు పట్టి లేచి కూర్చుంటారు. ఒక్కసారిగా ఛాతీ నుంచి మొహం దాకా ఆవిరి కొట్టినట్టు అవుతుంది. నిద్ర ఉండదు. చిన్న మాటకే కోపం, కాసేపటికే ఏడుపు. మనం ఏమంటాం? "అమ్మకి ఈమధ్య చిరాకు ఎక్కువైంది" అంటాం. అమ్మ ఏమంటుంది? "వయసు మీద పడింది బిడ్డా" అంటుంది. ఇద్దరూ అసలు సంగతి పేరెత్తరు. దాని పేరు మెనోపాజ్. అంటే ముట్లు ఆగిపోయే దశ. చివరి నెలసరి వచ్చి 12 నెలలు పూర్తయితే దాన్ని మెనోపాజ్ అంటారు. పశ్చిమ దేశాల్లో ఇది సగటున 51 ఏళ్లకి వస్తుంది, మన దేశంలో ఇంకా ముందే, 46, 47 ఏళ్లకే వచ్చేస్తుంది.

అందరికీ మందులు అవసరం లేదు. చాలామందికి కొన్నేళ్లలో ఈ ఇబ్బందులు తగ్గిపోతాయి. కానీ బాధ బాగా ఎక్కువగా ఉంటే డాక్టర్లు హార్మోన్ రీప్లేస్‌మెంట్ థెరపీ, షార్ట్‌గా హెచ్‌ఆర్‌టీ, రాస్తారు. ఆ చిట్టీ పట్టుకుని మెడికల్ షాపుకి పోయేది ఎవరు? మీరే. గోలీ పేరు ఫోన్‌లో కొట్టి చూసేది కూడా మీరే. అక్కడే గందరగోళం మొదలవుతుంది. ఎందుకంటే చిట్టీలో రెండు మందులు ఉంటాయి. ఒకటి ఈస్ట్రోజెన్. రెండోది ప్రొజెస్టెరాన్ గానీ, దాని లాంటి ఇంకో మందు గానీ. ఆ రెండోదాన్ని ఫోన్‌లో కొడితే "గర్భం నిలబడటానికి ఇచ్చే మందు" అని వస్తుంది. 48 ఏళ్ల అమ్మకి గర్భం మందు ఏంటి, డాక్టర్ పొరపాటున రాశారేమో అని మీరు దాన్ని కొనకుండా వచ్చేస్తారు. ఈ వీడియో మొత్తం ఆ ఒక్క గోలీ గురించే. ఆ గోలీ ఎందుకు, ఎవరికి కావాలి, ఎవరికి వద్దు, కావాలంటే ఏ రకం మంచిది?

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. ఇది చూసి మందు కొనుక్కోవద్దు. ఇది విన్నాక డాక్టర్ దగ్గర కూర్చుని సరైన ప్రశ్న అడగగలిగితే చాలు.

సరే, మొదటి ప్రశ్న. రెండు మందులు ఎందుకు?

మనది పత్తి, కంది పండే ఏరియా కాబట్టి చేను లెక్కలో చెప్తాను. ఈస్ట్రోజెన్ యూరియా లాంటిది. గర్భసంచి లోపల ఒక పొర ఉంటుంది. ఈస్ట్రోజెన్ పడితే అది ఏపుగా పెరుగుతుంది. ప్రొజెస్టెరాన్ ఏమో గుంటుక తోలినట్టు. పెరుగుదలని అదుపులో పెడుతుంది. వయసులో ఉన్న ఆడవాళ్ల ఒంట్లో ప్రతి నెలా ఈ రెండూ వంతులవారీగా పనిచేస్తాయి. మొదటి రెండు వారాలు ఈస్ట్రోజెన్ పొరని పెంచుతుంది. తర్వాత రెండు వారాలు ప్రొజెస్టెరాన్ ఆ పొరని సిద్ధం చేస్తుంది. గర్భం రాకపోతే రెండూ పడిపోతాయి, పొర ఊడి నెలసరిగా బయటికి వచ్చేస్తుంది.

మెనోపాజ్‌లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం ఇవన్నీ ముఖ్యంగా ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల. కాబట్టి అసలు వైద్యం చేసేది ఈస్ట్రోజెన్. కానీ యూరియా చల్లుతూ పోయి గుంటుక తోలకపోతే ఏమవుతుంది? గర్భసంచిలో పొర అదుపు లేకుండా పెరుగుతుంది. ఏళ్ల తరబడి అలా పెరిగితే అది క్యాన్సర్ దాకా పోవచ్చు.

ఇది ఊహించి చెప్తున్న మాట కాదు. అమెరికాలో 1942 నుంచి ఈస్ట్రోజెన్ గోలీలు అమ్మారు. ఒంటరిగా, ఏ తోడూ లేకుండా లక్షల మంది మింగారు. 1975లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రెండు అధ్యయనాలు వచ్చాయి. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడిన వాళ్లలో గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ చాలా ఎక్కువగా కనిపించిందని రెండూ చెప్పాయి. ఆ దెబ్బతో అమ్మకాలు పడిపోయాయి. తర్వాత డాక్టర్లు కనుక్కున్న దారి ఏంటంటే, ప్రొజెస్టెరాన్ కలిపి ఇవ్వడం.

అది నిజంగా కాపాడుతుందా అని పెపీ అనే పెద్ద ట్రయల్‌లో చూశారు. పొర మీద ఫలితాలు 1996లో వచ్చాయి. మూడేళ్లలో, గర్భసంచి ఉండి ఈస్ట్రోజెన్ ఒక్కటే తీసుకున్న వాళ్లలో 62 శాతం మందికి ఆ పొర ఏదో ఒక స్థాయిలో అతిగా పెరిగింది. నూటికి 62 మంది, ఫ్రెండ్స్! ప్రొజెస్టెరాన్ తోడుగా తీసుకున్న వాళ్లలో మాత్రం ఉత్తుత్తి గోలీ తీసుకున్న వాళ్లతో దాదాపు సమానం. అంటే రెండో గోలీ ఎక్స్‌ట్రా కాదు. అది కాపలా.

ఇప్పుడు రెండో ప్రశ్న. మన ప్రాంతంలో ఇదే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. అమ్మకి గర్భసంచి ఉందా?

నవ్వకండి. ఇది నిజంగా అడగాల్సిన ప్రశ్న. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్న వాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. మన తెలంగాణలో 7.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, దేశంలోనే అందరికంటే ఎక్కువ. దేశవ్యాప్తంగా ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి. మన ఉమ్మడి మెదక్ జిల్లా పల్లెల్లో, తండాల్లో తెల్లబట్ట అవుతుందని, నడుము నొప్పి అని, "తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి ఆపరేషన్లు చేశారని ఎన్నో ఏళ్లుగా వింటూనే ఉన్నాం. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇలాంటి ఆపరేషన్ల మీద వేసిన పిల్ సుప్రీంకోర్టు దాకా పోయింది. 2023 ఏప్రిల్ 5న కోర్టు తీర్పు ఇస్తూ, అనవసర ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం రాసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలని చెప్పింది.

దీనికీ మన గోలీకీ సంబంధం ఏంటి? డైరెక్ట్ సంబంధం. గర్భసంచే లేకపోతే పెరగడానికి పొర ఉండదు. పొర లేకపోతే కాపలా అవసరం లేదు. అలాంటి అమ్మకి మామూలుగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. గర్భసంచి ఉంటే రెండూ తప్పనిసరి. ఒకే వీధిలో, ఒకే వయసు ఉన్న ఇద్దరు ఆడవాళ్లకి ఒకరి చిట్టీ ఇంకొకరికి పనికిరాదు. "పక్కింటి అక్కకి ఒక గోలీనే రాశారు, నీకెందుకు రెండు" అనే మాట ఎంత ప్రమాదమో ఇప్పుడు అర్థమైంది కదా. పక్కింటి అక్కకి గర్భసంచి తీసేసి ఉండొచ్చు.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. మన దగ్గర అమ్మలు "నాకు ఆపరేషన్ అయింది" అంటారు. ఏ ఆపరేషన్? పిల్లల ఆపరేషనా, గర్భసంచి ఆపరేషనా? పిల్లల ఆపరేషన్‌లో గర్భసంచిని ముట్టుకోరు, పక్కనున్న ట్యూబులు మాత్రమే కట్టేస్తారు. గర్భసంచి అలాగే ఉంటుంది, పొర ఉంటుంది, కాబట్టి రెండో గోలీ కావాలి. డాక్టర్ హడావుడిలో "ఆపరేషన్ అయిందా" అని అడిగి, అమ్మ "అయింది" అని తలూపితే అక్కడే తేడా వచ్చేస్తుంది.

నిజంగా గర్భసంచి తీసిన ఆపరేషన్ అయితే కూడా ఇంకో రెండు విషయాలు తెలియాలి. ఒకటి, మొత్తం తీశారా, కింది భాగం, అంటే గర్భసంచి మెడ, ఉంచారా? మెడ ఉంచేస్తే అక్కడ కొంచెం పొర మిగిలి ఉండొచ్చు. అప్పుడు ప్రొజెస్టెరాన్ కావాలా వద్దా అని డాక్టర్ చూసి చెప్పాలి. అలాగే ఎండోమెట్రియోసిస్ జబ్బు ఎక్కువగా ఉండి గర్భసంచి తీసేసిన వాళ్లకి కూడా కొన్నిసార్లు ప్రొజెస్టెరాన్ కలిపి ఇస్తారు. రెండు, అండాశయాలు ఉన్నాయా, అవి కూడా తీసేశారా? రెండు అండాశయాలూ తీసేస్తే ఆ రోజు నుంచే మెనోపాజ్ మొదలైనట్టు. 32 ఏళ్లకి తీసేస్తే 32కే మెనోపాజ్. అలాంటి వాళ్లకి హార్మోన్ చికిత్స ఆవిర్లు తగ్గడానికే కాదు, ఎముకలకి, గుండెకి కూడా అవసరం. వేరే ఇబ్బంది ఏదీ లేకపోతే మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా వాడమని డాక్టర్లు చెప్తారు. ఆ ఆపరేషన్ చేయించుకున్న ఎంతమందికి ఈ మాట చెప్పి ఇంటికి పంపారు? ఆలోచించండి.

కాబట్టి మీకు ఈరోజు హోమ్‌వర్క్. ఇంట్లో బీరువాలోనో, ట్రంకు పెట్టెలోనో, రేషన్ కార్డు, పట్టా పాస్‌బుక్ పక్కన అమ్మ ఆపరేషన్ కాగితాలు ఉంటాయి. డిశ్చార్జ్ సమ్మరీ వెతకండి. బయాప్సీ రిపోర్ట్ ఉంటే అదీ తీయండి. ఫోన్‌లో నీట్‌గా ఫోటో తీసి దాచండి. డాక్టర్‌కి చూపించండి. కాగితాలు దొరకలేదా? బాధ పడొద్దు. కడుపు స్కానింగ్‌లో గర్భసంచి ఉందా లేదా అన్నది తెలిసిపోతుంది.

ఓకే. గర్భసంచి ఉంది, రెండో గోలీ కావాలి అని తేలింది. ఇప్పుడు ఏ రకం? ఈ కుటుంబం మొత్తాన్ని ప్రొజెస్టోజెన్లు అంటారు. మన మెడికల్ షాపుల్లో దొరికేవి ముఖ్యంగా నాలుగైదు.

మొదటిది మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్. మన ఒంట్లో తయారయ్యే హార్మోన్ ఏదో అచ్చం అదే అణువు. మామూలు ప్రొజెస్టెరాన్ మింగితే సరిగా ఒంటికి పట్టదు కాబట్టి, చాలా సన్నటి పొడిగా చేసి క్యాప్సూల్‌లో పెడతారు. దీన్ని రాత్రి పడుకునే ముందు వేసుకోమంటారు. ఎందుకంటే మత్తుగా ఉంటుంది, నిద్ర వస్తుంది. అసలే నిద్ర పట్టని అమ్మకి ఇది కలిసొస్తుంది. కానీ పొద్దున వేసుకుంటే చేనుకి పోయేటప్పుడు తూలొచ్చు, బండి మీద కూర్చుంటే ఇంకా ప్రమాదం. కొన్ని కంపెనీల క్యాప్సూల్స్‌లో పల్లీ నూనె ఉంటుంది. పల్లీలు పడని వాళ్లు ఆ విషయం ముందే చెప్పాలి.

రెండోది డైడ్రోజెస్టెరాన్. ప్రొజెస్టెరాన్‌కి దగ్గర చుట్టం లాంటిది. గోలీ రూపంలో ఒంటికి బాగా పడుతుంది, మత్తు తక్కువ. ఈ రెండు మందుల్నీ గర్భిణులకు కూడా రాస్తారు. అందుకే ఫోన్‌లో కొడితే "గర్భం మందు" అని వస్తుంది. మందు ఒకటే, పని వేరు. డాక్టర్ పొరపాటు పడలేదు.

మూడోది మెడ్రాక్సీప్రొజెస్టెరాన్. పాత మందు, పొరని బాగానే కాపాడుతుంది. కానీ మంచి కొలెస్ట్రాల్ మీద ఈస్ట్రోజెన్ వల్ల వచ్చే లాభాన్ని ఇది కొంత తగ్గిస్తుందని ఇందాక చెప్పిన పెపీ ట్రయల్‌లోనే తేలింది. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ ఆ లాభాన్ని అంతగా తగ్గించలేదు. మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ పేరు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తుంది.

నాలుగోది నోరెథిస్టెరాన్. ఇది మీకు బాగా తెలుసు, పేరు తెలియకపోయినా. జాతరకి, పెళ్లికి, వ్రతానికి నెలసరి అడ్డం రాకుండా వేసుకునే గోలీ ఇదే. మన వీరభద్రస్వామి జాతర ముందు, బతుకమ్మ ముందు మెడికల్ షాపులో చిట్టీ లేకుండానే అడిగి తెచ్చుకునే గోలీ. ఇక్కడ జాగ్రత్తగా వినండి. హార్మోన్ చికిత్సలో వాడే నోరెథిస్టెరాన్ డోసు రోజుకి సుమారు 1 మిల్లీగ్రాము, లేదా ఇంకా తక్కువ. జాతర గోలీ ఒక్కోటి 5 మిల్లీగ్రాములు, అది కూడా మామూలుగా రోజుకి మూడు. చాలా తేడా. పెద్ద డోసులో ఈ మందు కొంత భాగం ఒంట్లో గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, రక్తం గడ్డకట్టే రిస్కు పెరగొచ్చు. అందుకే "ఇంట్లో మిగిలిన జాతర గోలీలు ఉన్నాయి కదా, అమ్మకి అవే వేద్దాం" అని మాత్రం ఎప్పుడూ అనుకోవద్దు.

ఐదోది గోలీ కాదు. గర్భసంచి లోపల పెట్టే చిన్న పరికరం. లెవోనార్‌జెస్ట్రెల్ అనే ప్రొజెస్టోజెన్‌ని కొంచెం కొంచెంగా అక్కడికక్కడే వదులుతుంది. మిరెనా అనే పేరు విని ఉంటారు. రోజూ గుర్తుపెట్టుకుని మింగే పని లేదు, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. నెలసరి చివరి సంవత్సరాల్లో బ్లీడింగ్ విపరీతంగా అయ్యే వాళ్లకి డబుల్ లాభం. బ్లీడింగ్ తగ్గుతుంది, పొరకి కాపలా దొరుకుతుంది. బ్లీడింగ్ ఎక్కువ అవుతోందని గర్భసంచి తీసేయమన్న చాలా కేసుల్లో ముందు ఇది పెట్టి చూడొచ్చు. కానీ ఒకటి, ఇది కాపర్-టీ కాదు. చూడటానికి ఒకేలా ఉన్నా కాపర్-టీలో హార్మోన్ ఉండదు, పొరని కాపాడదు.

ఆన్‌లైన్‌లో "నేచురల్ ప్రొజెస్టెరాన్ క్రీమ్" అని రీల్స్‌లో యాడ్స్ వస్తాయి. చర్మానికి రాస్తే చాలు అంటారు. గర్భసంచి పొరని కాపాడేంత మందు దాని ద్వారా లోపలికి చేరుతుందన్న ఆధారం లేదు. ఈస్ట్రోజెన్ వాడుతూ దీన్ని నమ్ముకోవద్దు.

ఇప్పుడు ఎలా వాడతారు? రెండు పద్ధతులు. అమ్మకి నెలసరి ఇంకా అప్పుడప్పుడు వస్తోంది, లేదా ఆగి ఏడాది కాలేదు అంటే ఈస్ట్రోజెన్ రోజూ, ప్రొజెస్టోజెన్ నెలకి 12 నుంచి 14 రోజులు. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ అయితే మామూలుగా రాత్రి 200 మిల్లీగ్రాములు. ఈ పద్ధతిలో నెలనెలా కొంచెం బ్లీడింగ్ అవుతుంది. అది మామూలే. ముట్లు ఆగి ఏడాది దాటితే రెండూ రోజూ వాడతారు. అప్పుడు అదే మందు 100 మిల్లీగ్రాములు. బ్లీడింగ్ అవ్వదు. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కొద్దిగా మరకలు కనిపించొచ్చు. ఈస్ట్రోజెన్ డోసు పెంచితే దీన్ని కూడా పెంచాల్సి రావొచ్చు, అది డాక్టర్ లెక్క. ఇంకో మాట, ఇది గర్భనిరోధకం కాదు. నెలసరి పూర్తిగా ఆగని వాళ్లు ఆ జాగ్రత్త వేరేగా తీసుకోవాలి.

ఇక కామెంట్లలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న. "హార్మోన్లు వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందట కదా?"

ఈ భయం 2002 జులైలో మొదలైంది. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద ట్రయల్. గర్భసంచి ఉన్న 16,608 మంది ఆడవాళ్లలో సగం మందికి ఈస్ట్రోజెన్, మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ కలిపి ఇచ్చారు. సగం మందికి ఉత్తుత్తి గోలీ. మధ్యలోనే ఆపేశారు. ప్రపంచమంతా హెడ్‌లైన్స్. అసలు అంకె ఏంటంటే, 10,000 మంది ఏడాది పాటు వాడితే రొమ్ము క్యాన్సర్ కేసులు 30 నుంచి 38కి పెరిగాయి. అంటే 10,000 మందిలో ఏడాదికి 8 ఎక్కువ. పక్షవాతం కూడా 8 ఎక్కువ. తుంటి ఎముక విరగడం మాత్రం 5 తక్కువ. ఇది చిన్న విషయం అని నేను అనను. ఆ 8 మందిలో ఎవరి అమ్మ అయినా ఉండొచ్చు. కానీ "హార్మోన్ వాడితే క్యాన్సర్ వచ్చి తీరుతుంది" అన్నది కూడా నిజం కాదు. పైగా ఆ ట్రయల్‌లో ఉన్న వాళ్ల సగటు వయసు 63. మన అమ్మలు చికిత్స మొదలుపెట్టేది 47, 50 ఏళ్లకి.

ఇదే ట్రయల్‌లో ఇంకో భాగం ఉంది. గర్భసంచి లేని 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే, లేదా ఉత్తుత్తి గోలీ ఇచ్చారు. వాళ్లలో ఈస్ట్రోజెన్ వాడిన వాళ్లకి రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. చాలా ఏళ్లు గమనిస్తే ఇంకా తక్కువగానే కనిపించింది. అంటే రొమ్ము విషయంలో తేడా తెస్తున్నది చాలావరకు ఆ రెండో మందు అన్నమాట. అదే గర్భసంచిని కాపాడేది, అదే రొమ్ముకి కొంచెం భారం. అందుకే ఏ రకం ఎంచుకున్నాం అన్నది ముఖ్యం. అందుకే గర్భసంచి లేని వాళ్లకి అనవసరంగా దాన్ని ఇవ్వకూడదు.

ఫ్రాన్స్‌లో 80,000 మందికి పైగా ఆడవాళ్లని ఏళ్ల తరబడి గమనించిన ఈ3ఎన్ అధ్యయనం 2008లో చెప్పింది ఇది. హార్మోన్లు వాడని వాళ్లతో పోలిస్తే, ఈస్ట్రోజెన్‌తో మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ వాడిన వాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, నిష్పత్తి 1.00. డైడ్రోజెస్టెరాన్‌తో 1.16. మిగతా ప్రొజెస్టోజెన్లతో 1.69. ఇది ట్రయల్ కాదు, గమనించి చెప్పిన లెక్క. ఎక్కువ ఏళ్లు వాడితే ఏ రకానికైనా కొంత రిస్కు ఉండొచ్చు. అయినా ఈరోజు చాలామంది డాక్టర్లు ముందుగా మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ గానీ, డైడ్రోజెస్టెరాన్ గానీ రాయడానికి ఇలాంటి లెక్కలే కారణం. ఈస్ట్రోజెన్‌ని కూడా గోలీగా కాకుండా చర్మానికి రాసే జెల్‌గా వాడితే రక్తం గడ్డకట్టే రిస్కు పెరగనట్టే కనిపిస్తోంది.

మరి అసలు ఎవరు వాడకూడదు? రొమ్ము క్యాన్సర్ వచ్చిన వాళ్లు, కారణం తెలియని బ్లీడింగ్ ఉన్న వాళ్లు, లివర్ జబ్బు ముదిరి ఉన్న వాళ్లు మామూలుగా వాడకూడదు. గుండెపోటు, పక్షవాతం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం లాంటివి వచ్చిన వాళ్లయితే స్పెషలిస్టు చూడకుండా మొదలుపెట్టొద్దు. బీపీ, షుగర్ ఉంటే ముందే చెప్పాలి. కేవలం యోని పొడిబారడం, మంట మాత్రమే ఉంటే అక్కడ రాసే తక్కువ డోసు ఈస్ట్రోజెన్ క్రీమ్ సరిపోతుంది. దానికి మామూలుగా రెండో గోలీ అవసరం లేదు.

ఇప్పుడు మన ఇళ్లల్లో జరిగే అసలు ప్రమాదం. చిట్టీలో రెండు మందులు రాస్తారు. మొదటిది వేసుకుంటే ఆవిర్లు తగ్గుతాయి, వారం రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. రెండోది వేసుకుంటే ఏమీ తెలియదు. పైగా మత్తు, కడుపు ఉబ్బరం, కొంచెం చిరాకు. డబ్బులు కూడా ఖర్చు. నెలాఖరుకి చేతిలో పైసలు తక్కువ ఉంటే అమ్మ ఏది ఆపుతుంది? పని కనిపించని దాన్నే ఆపుతుంది. తప్పు అమ్మది కాదు, ఆ గోలీ ఎందుకో ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఆవిర్లు లేవు, అంతా బాగుంది అనుకుంటుంది. లోపల పొర మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అది కనిపించదు, నొప్పి పెట్టదు.

అందుకే ఈ ఒక్క రూల్ గుర్తుపెట్టుకోండి. గర్భసంచి ఉన్న అమ్మ రెండో గోలీని ఆపి, మొదటిది ఒక్కటే కంటిన్యూ చేయకూడదు. పడకపోతే, కొనలేకపోతే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. మందు మార్చొచ్చు, డోసు మార్చొచ్చు, పరికరం పెట్టొచ్చు. దారులు ఉన్నాయి.

ఇంకో రూల్. ముట్లు ఆగి ఏడాది దాటాక, మందు వాడినా వాడకపోయినా, మళ్లీ బ్లీడింగ్ కనిపిస్తే, ఒక్క మరకైనా సరే, దాన్ని వదిలేయొద్దు. హార్మోన్లు కొత్తగా మొదలుపెట్టిన వాళ్లయినా డాక్టర్‌కి చెప్పి పెట్టాలి. ఆరు నెలల తర్వాత కూడా అవుతున్నా, బాగా ఆగాక మళ్లీ మొదలైనా తప్పనిసరిగా చూపించాలి. స్కానింగ్ చేసి పొర మందం చూస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. "మళ్లీ ముట్టు వచ్చింది, వయసు వెనక్కి పోయింది" అని నవ్వుకుని ఊరుకునే విషయం కాదు ఇది.

ఎక్కడికి పోవాలి? తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మంగళవారం ఆడవాళ్ల కోసమే క్లినిక్. అందులో మెనోపాజ్ సేవలు కూడా పెట్టారు, అవసరమైన వాళ్లకి హార్మోన్ చికిత్స, కౌన్సెలింగ్‌తో సహా. మీకు దగ్గర్లో ఏ కేంద్రంలో, ఏ రోజు చూస్తున్నారో ఆశా అక్కని గానీ ఏఎన్ఎంని గానీ అడగండి. పెద్ద పరీక్షలు కావాలంటే జహీరాబాద్, సంగారెడ్డి ప్రభుత్వ దవాఖానలు ఉన్నాయి.

అక్కడికి పోయినప్పుడు ఫోన్‌లో ఈ ప్రశ్నలు టైప్ చేసుకుని పోండి. అమ్మకి గర్భసంచి ఉందా, మొత్తం తీశారా? అండాశయాలు ఉన్నాయా? ఈ మందుల్లో ప్రొజెస్టోజెన్ ఏది, ఎందుకు ఇదే రాశారు? రోజూనా, నెలకి ఇన్ని రోజులా? ఎన్ని నెలలకి మళ్లీ రావాలి? ఏం కనిపిస్తే వెంటనే రావాలి? ఇంతే, ఆరు ప్రశ్నలు. డాక్టర్ చెప్పేది రాసుకోండి, వీలైతే అడిగి రికార్డ్ చేసుకోండి.

కొడుకులకి ఒక మాట. "ఇవన్నీ ఆడవాళ్ల విషయాలు, నేనెలా అడుగుతాను" అనుకోకండి. అమ్మ షుగర్ గోలీ తెస్తున్నారు కదా, ఇది కూడా అంతే. నోటితో అడగడానికి సిగ్గయితే ఈ వీడియో లింక్ అమ్మకి, అక్కకి వాట్సాప్‌లో పంపండి. చదవడం రాని అమ్మ అయితే పక్కన కూర్చుని వినిపించండి. మన అమ్మలు ఎవరికీ చెప్పుకోకుండా ఆవిర్లు భరించారు, ఎవరూ వివరించకుండానే ఆపరేషన్లు చేయించుకున్నారు. కనీసం ఇప్పుడు మింగే గోలీ ఎందుకో అయినా వాళ్లకి తెలియాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ విషయంలో డౌట్ ఉంటే కామెంట్‌లో అడగండి. పేర్లు, రిపోర్టుల ఫోటోలు మాత్రం పబ్లిక్‌గా పెట్టకండి. వచ్చే ఎపిసోడ్‌లో 40 దాటిన ఆడవాళ్ల ఎముకల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఆ ట్రంకు పెట్టెలో కాగితాలు వెతకడం మర్చిపోకండి.